తీరే పని, తీరని పని

ఫలానా ఊరు తారురోడ్డుకు నోచుకోలేదని పత్రికలు రాస్తాయి. ఫలానా కవి బతికుండగా గుర్తింపుకు నోచుకోలేదంటారు. ఇక్కడ నోచుకోకపోవడమంటే అదృష్టం లేకపోవడమే. మాట పుట్టినచోట మాత్రం అదృష్టం ఊసు లేదు. నోచడమంటే నోము పట్టడం. చెప్పిన రోజున, చెప్పిన పనిని, చెప్పినన్నాళ్లూ చేయడం. నోచినవారికి ఫలం, నోచనివారికి లేదు. చిట్టా అనే మాటకూ ఇలాంటి గతే పట్టింది. హామీల చిట్టా, నేరాల చిట్టా, పనుల చిట్టా అంటూ ఇప్పుడు ప్రతి జాబితానూ ఆ పేరుతో పిలుస్తున్నాం. హిందుస్తానీ నుంచి మన దుకాణాల్లోకి వచ్చిననాడు అది ఏ పూట జమాఖర్చు ఆ పూటే ఎక్కించే దినసరి పుస్తకం. మొదటి మాట చేసే పనిని వదిలేసి ఫలాన్ని పట్టుకుంది. రెండోది రాసే చేతిని వదిలేసి కాగితాన్ని పట్టుకుంది. రెండింటి నుంచీ జారిపోయింది ఒకటే: రోజూ చేయడం.

సొంత పనులు చక్కబడాలంటే మంచి అలవాట్లు పెంచుకోవాలా, చేయాల్సినవన్నీ రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలా అన్నది ఇప్పుడు పుస్తకాల అంగళ్లలోనూ ఫోన్ల తెరల మీదా నడుస్తున్న చర్చ. ఒక రకం యాప్ మీరు వరసగా ఎన్ని రోజులు నడకకు వెళ్లారో లెక్కపెడుతుంది. ఒక్క రోజు మానితే లెక్కను సున్నాకు దించుతుంది. ఇంకో రకం యాప్ కరెంటు బిల్లు మొదలు అమ్మాయి కాలేజీ దరఖాస్తు దాకా గడువులతో పేర్చి చూపిస్తుంది. ఏది మేలని అడిగేవారు ఇవి ఒకే జబ్బుకు రెండు మందులనుకుంటారు. చరిత్ర చూస్తే అలా అనిపించదు. మొదటిది వ్రతాల నుంచీ ఆత్మపరీక్షల నుంచీ దిగివచ్చిన వంశం. రెండోది అప్పుల నుంచీ ఖాతాల నుంచీ దిగివచ్చిన వంశం. ఒకటి మనిషి నడతను మార్చడానికి పుట్టింది, మరొకటి మనిషి మరుపును కాయడానికి పుట్టింది. కనుక ఎంచుకునేటప్పుడు పద్ధతి సంగతి తర్వాత, ముందు పని సంగతి అడగాలి: ఇది ఎప్పటికైనా తీరేదా, తీరనిదా? తీరే పనికి చిట్టా కావాలి, తీరని పనికి నోము కావాలి. చిట్టా రాయడమే ఒక తీరని పని గనుక ఏ చిట్టా అయినా చివరికి ఒక చిన్న నోము మీదే నిలబడుతుంది. నా వాదన ఇంతే. ఇక సాక్ష్యం.

భక్తిని కాసేపు పక్కన పెట్టి నోము కట్టుబాటును చూద్దాం. ఎప్పుడు చేయాలో ముందే తేలిపోయి ఉంటుంది: అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియనాడే, మంగళగౌరి శ్రావణ మంగళవారాల్లోనే. ఏం వండాలో, ఏం పెట్టాలో, ఎందరికి వాయనం ఇవ్వాలో అదీ తేలిపోయి ఉంటుంది. ఒంటరిగా చేస్తే చెల్లదు. వాయనం పుచ్చుకునే ముత్తైదువ ఉండాలి, అంటే చేశారా లేదా అన్నది మరో మనిషికి తెలిసి తీరుతుంది. చివర ఉద్యాపన ఉంటుంది. నోము కథల్లో తరచు ఒకావిడ నోము పట్టి మధ్యలో ఉల్లంఘిస్తుంది, అష్టకష్టాలు పడుతుంది, మళ్లీ పట్టి గట్టెక్కుతుంది. తప్పిపోవడమన్నది కథకే ముందు తెలుసు, తప్పినవారు తిరిగివచ్చే దారీ కథే చూపిస్తుంది. కథ తప్పినా వ్రతం తప్పరాదని చివర చెప్పుకోవడంలో, మనసు కుదిరినా కుదరకున్నా చేయి ఆడాలన్న ఎరుక ఉంది. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి ముందే ముడిపెట్టుకున్నవారే ఎక్కువగా పని నెరవేరుస్తారని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో తన ప్రయోగాలను క్రోడీకరించి రాశాడు. నోము పట్టిన ఇల్లాలికి ఆ ముడి తిథి రూపంలో చేతికి అందింది.

రామకోటిదీ ఇదే వంశం. గళ్లు గీసిన పుస్తకంలో గడికొక నామం చొప్పున కోటిసార్లు రాయాలి. రోజుకు 1,000 రాసేవారికి కోటి నిండడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్ల పైచిలుకు పడుతుంది. అంత పెద్ద సంఖ్యను పెట్టడంలో ఒక ఉపాయం ఉంది. గమ్యం కనుచూపు మేరలో ఉండదు గనుక రాసేవారి చూపు ఇవాళ్టి పేజీ మీదే నిలుస్తుంది. అయ్యప్ప మండల దీక్షది ఇంకో ఉపాయం. 41 రోజులు మెడలో మాల, ఒంటిమీద నల్లబట్ట, కాళ్లకు చెప్పుల్లేవు, నేలమీద పడక. చిన్నాపెద్దా అందరూ స్వామీ అనే పిలుస్తారు. సిగరెట్టు పెట్టె వైపు పోబోయే చేతిని ఆపే భారం సంకల్పం ఒక్కదాని మీదే పడదు. ఊరంతా కాపలా కాస్తుంది. మాల తీశాక మళ్లీ పాతదారి పట్టేవారు ఉండటంలో వింత లేదు. బట్ట మారింది, పిలుపు మారింది, కాపలా పోయింది. అలవాటు మనిషి లోపల ఎంత ఉంటుందో చుట్టూ ఉన్న గుర్తుల్లోనూ అంతే ఉంటుందని దీక్ష పట్టినప్పుడూ చెబుతుంది, విడిచినప్పుడూ చెబుతుంది.

రెండో వంశానికి మూలం అప్పు. దుకాణంలో చిట్టా పక్కన ఆవర్జా ఉండేది. చిట్టాలో పద్దులు జరిగిన వరసన పడతాయి. వాటినే ఆవర్జాలో పేరుపేరునా ఖాతాల కింద సర్దుతారు. ఎవరు ఎంత ఇవ్వాలో షావుకారు తలలో మోయనక్కర్లేదు. ఇటలీలో లూకా పచియోలి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వర్తకులకు మూడు పుస్తకాలు ఉండాలన్నాడు. మొదటిదాంట్లో చిన్నదీ పెద్దదీ అన్న తేడా లేకుండా ప్రతిదీ జరిగిన వెంటనే రాసిపడేయాలి; యజమాని లేనప్పుడు గుమాస్తా, రాత వస్తే ఇంటి ఆడవాళ్లయినా రాయాలి. అక్కడి నుంచి తేదీల వరసలో రెండో పుస్తకంలోకి, ఆ తర్వాత ఖాతాల పుస్తకంలోకి ఎక్కించాలి. తలలో ఉన్న పనులన్నీ ముందు ఒకచోట దింపుకుని, విడదీసి, తగిన జాబితాల్లో సర్దుకోమని అమెరికన్ సలహాదారు డేవిడ్ అలెన్ 2001లో చెప్పిన పద్ధతికీ దీనికీ పోలిక చూడండి. అయిదు శతాబ్దాల తేడా ఉన్నా ఎత్తుగడ ఒకటే: జ్ఞాపకాన్ని నమ్మకు, కాగితాన్ని నమ్ము. ఖాతా భాషే పనుల భాషగానూ మారింది. బాకీ తీరుతుంది, పని తీరుతుంది. తీరితే పద్దు కొట్టేస్తాం. అన్నీ తీరాక మిగిలేది తీరిక. తీరిక అనే మాట తీరడం నుంచే వచ్చిందంటే, పని ముగిస్తేనే విశ్రాంతి అన్న షావుకారు నీతిని మన భాష ఎంత లోతుగా జీర్ణించుకుందో తెలుస్తుంది.

చిట్టాను నిలబెట్టేది ఏమిటో చెప్పే సామెత మనకుంది: రాయగా రాయగా కరణం, దగ్గగా దగ్గగా మరణం. కరణానికి పని జాబితాలకు కొదవ ఉండేది కాదు. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో అడంగలులో ఎక్కించాలి, పొలం మీదికి పోయి అజమాయిషీ చేయాలి, ఏడాదికోసారి జమాబందీలో పై అధికారుల ముందు లెక్క తేల్చాలి. తెలంగాణ పట్వారీకి అడంగలుకు బదులు పహాణీ ఉండేది. అయినా సామెత కరణాన్ని కరణంగా చేసింది పుస్తకమని చెప్పలేదు, రాయగా రాయగా అంది. దగ్గుతో జత కట్టి ఎగతాళి చేసినా, రోజువారీ పునరావృత్తి మంచికైనా చెడుకైనా ఒకేలా పేరుకుంటుందన్న గమనింపు అందులో ఉంది. సామెత చెప్పని రెండో ముఖం కూడా ఉంది. లెక్క కరణం చేతివాటంలో, కరణం జ్ఞాపకంలో కలిసిపోయినకొద్దీ ఊరు కరణం గుప్పిట్లోకి పోయింది. తరతరాలుగా కొన్ని కుటుంబాల్లోనే తిరిగిన కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. లెక్కను కొత్తవాడైనా చదివి అర్థం చేసుకోగలగాలన్నది ఆ మార్పు నుంచి పనుల నిర్వహణకు అందే పాఠం. అలవాటు మనిషితో పోతుంది. పద్దు మనిషి తర్వాతా ఉంటుంది. కుటుంబంలోనైనా కార్యాలయంలోనైనా ఇంకొకరికి అప్పగించాల్సి వచ్చే పనిని అలవాటుకు వదిలేయకూడదు.

ఈ రెండు వంశాలూ ఒకే మనిషి జేబులో కలిసిన ఉదంతం 18వ శతాబ్దపు ఫిలడెల్ఫియాలో దొరుకుతుంది. దానికి ముందు మాట ఒకటి చెప్పాలి. 1548లో అచ్చయిన ఇగ్నేషియస్ లొయోలా ఆధ్యాత్మిక సాధనల పుస్తకంలో, వారానికి రోజుకో గీతల జత గీసుకుని, చేసిన ప్రతి తప్పుకూ గీత మీద ఒక చుక్క పెట్టుకోమని ఉంది. ముద్రాపకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పాతికేళ్ల వయసు అటూఇటుగా గీసుకున్న పట్టిక అచ్చం దీన్ని తలపిస్తుంది. మితాహారం, మౌనం, క్రమం, పొదుపు, శ్రమ వంటి 13 గుణాలు నిలువున, వారంలో ఏడు రోజులు అడ్డంగా; తప్పిన రోజు గడిలో నల్లచుక్క. వారానికి ఒక గుణం మీద గట్టిగా దృష్టి పెడితే 13 వారాల్లో ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. మొదట 12 గుణాలే. నీకు గర్వం ఎక్కువని ఒక క్వేకరు మిత్రుడు చెప్పాక వినయాన్ని 13వదిగా చేర్చాడు. పాత చుక్కలు గీకి కొత్త ఆవృత్తి మొదలుపెట్టేసరికి కాగితానికి చిల్లులు పడ్డాయి. అప్పుడు దంతపు రేకుల చిన్న పుస్తకంలోకి మార్చి, చెరగని ఎర్ర సిరాతో గళ్లు గీసి, పెన్సిలు చుక్కలు పెట్టి తడి స్పాంజితో తుడిచేసుకున్నాడు. ఇవాళ్టి అలవాట్ల యాప్‌లో ఉన్నదంతా ఆ దంతపు రేకుల మీద ఉంది.

ఆ పుస్తకంలోనే ఫ్రాంక్లిన్ 24 గంటల పట్టిక కూడా రాసుకున్నాడు. అయిదింటికి లేవడం, ఆ రోజు పని నిర్ణయించుకోవడం, ఎనిమిది నుంచి పన్నెండు దాకా పని, మధ్యాహ్నం రెండు గంటల్లో చదువు, ఖాతాల తనిఖీ, భోజనం, మళ్లీ ఆరింటి దాకా పని, సాయంత్రం వస్తువులన్నీ తమతమ చోట సర్దడం, రోజును సమీక్షించడం, పదికి నిద్ర. పనుల నిర్వహణ అంటే ఇదే. 13 గుణాల్లో తనను ఎక్కువగా ఏడిపించింది క్రమమేనని, అది తనకు చివరిదాకా పట్టుబడలేదని 1784లో, 78 ఏళ్ల వయసులో పారిస్ శివార్లలో కూర్చుని ఆత్మకథ కొనసాగిస్తూ ఒప్పుకున్నాడు. కారణమూ ఆయనే చెప్పాడు. ఎవరి దగ్గరో పనిచేసే ముద్రణ కార్మికుడికైతే తన కాలం తన చేతిలో ఉంటుంది. యజమానికి అలా కుదరదు, లోకంతో మెలగాలి, వచ్చేవారు వాళ్లకు వీలైన వేళకే వస్తారు. ఇది సాకు అనేవారు ఉంటారు. నాకు మాత్రం ఇందులో మొత్తం సమస్యకు తాళంచెవి కనిపిస్తోంది. మౌనంగా ఉండటం, తక్కువ తినడం తన ఒక్కడి చేతిలో ఉన్న తీరని పనులు. వాటికి చుక్కల పట్టిక పనికొచ్చింది. ఇతరుల వేళలతో ముడిపడి వచ్చిపడే తీరే పనులకు ఆ చుక్కలు పనికిరాలేదు. క్రమం తప్పిందని రోజూ నల్లచుక్క పెట్టుకున్నా, ఏ కాగితం ఎవరికి పంపాలో చుక్క చెప్పదు కదా. ఒక వంశపు పనిముట్టుతో మరో వంశపు పని చేయబోయాడు.

జాబితా వైపు చరిత్రలో ఇంకో మలుపు ఉంది. షావుకారు చిట్టా తన కోసం తను రాసుకున్నది. ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించిన శాస్త్రీయ నిర్వహణ సూత్రాల్లో మాత్రం రేపటి పని ఏమిటో, ఎలా చేయాలో, ఎంతసేపట్లో ముగించాలో ప్రణాళిక గది నుంచి రాతపూర్వకంగా కార్మికుడికి అందుతుంది. జాబితా రాసే చేయి వేరు, చేసే చేయి వేరు అయ్యాయి. ఇప్పుడు సొంత జాబితా రాసుకునేవారిలో ఈ ఇద్దరూ కాపురం ఉంటారు. ఉదయం యజమాని 20 పనులు రాస్తాడు, సాయంత్రం కూలీ ఆరు చేసి తలదించుకుంటాడు. రెండో తరగతి పిల్లవాడికి కథ చెప్పడం, మోకాళ్ల నొప్పికి వ్యాయామం చేయడం వంటి తీరని పనులను కూడా ఆ 20లో చేర్చితే అవమానం రెట్టింపవుతుంది. ఇవాళ కొట్టేసినా రేపు మళ్లీ అదే వరసలో అదే పద్దు నిలబడి ఉంటుంది. ఎన్నటికీ తీరని బాకీని ఖాతాలో రాసుకున్నవాడికి తీరిక ఎక్కడిది?

అలాగని అలవాటు ఒక్కటే చాలనేవారికి 1935 అక్టోబరు 30 నాటి ప్రమాదం జవాబు చెబుతుంది. అమెరికాలోని డేటన్ దగ్గర రైట్ ఫీల్డులో బోయింగ్ కంపెనీ మోడల్ 299 బాంబరు పైకి లేచి కాసేపటికే కూలింది. మేజర్ ప్లాయర్ హిల్, కంపెనీ పైలట్ లెస్లీ టవర్ ఆ ప్రమాదం వల్ల మరణించారు. విమానంలో లోపమేమీ బయటపడలేదు. నేల మీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా నియంత్రణ పలకలను బిగించే గొళ్లాన్ని తీయడం మరిచారు. హిల్ అనుభవం తక్కువైనవాడు కాదు. విమానం అనుభవాన్ని మించిపోయింది. చేయి అలవాటుగా చేసుకుపోయే పనుల మధ్య ఒక కొత్త పని ఇరుక్కుంటే చేయి దాన్ని దాటేసి పోగలదు. ఆ తర్వాత పైలట్లు బయల్దేరే ముందు చూసుకోవాల్సినవన్నీ చిన్న కాగితం మీద రాసుకున్నారు. అదే విమానం బి-17 పేరుతో 12,700కు పైగా తయారైంది. నైపుణ్యం పెరిగినకొద్దీ జాబితా అక్కర్లేదన్న నమ్మకం ఆ తర్వాత చెల్లలేదు.

అయితే కాగితం కూడా తనంతట తాను ఎవరినీ కాపాడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స జాబితాను ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూశారు. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, చికిత్సానంతర చిక్కులు నూటికి 11 నుంచి 7కి తగ్గాయని 2009లో ఫలితాలు వెలువడ్డాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దాదాపు అదే జాబితాను అమల్లోకి తెచ్చాక 101 ఆసుపత్రులను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఎందుకన్న దానిమీద వైద్యుల్లో వాదం నడిచింది. పరిశీలించిన కాలం చాలలేదన్నవారూ ఉన్నారు. కాగితం మీద గడి నింపడం వేరు, కత్తి పట్టేముందు బృందమంతా నిజంగా ఆగి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వేరు అన్న వివరణే నాకు బలంగా తోస్తోంది. జాబితాను పైనుంచి పంపొచ్చు, ఆగే అలవాటును పంపలేరు. నోము లేని చిట్టా ఇలాగే ఉంటుంది.

ప్రయోగశాలల సాక్ష్యం కూడా ఈ విభజన వైపే మొగ్గుతోంది. అర్ధంతరంగా ఆగిన పనులు పూర్తయిన పనులకంటే బాగా గుర్తుంటాయని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో బెర్లిన్ ప్రయోగాల ఆధారంగా రాసింది. ఆ ఫలితం తర్వాతి ప్రయోగాల్లో అన్నిసార్లూ నిలవలేదు. పని పూర్తికాకపోయినా ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా రాసుకుంటే చాలు, మనసులో ఆ గోల సద్దుమణుగుతుందని మనస్తత్వవేత్తలు మసికాంపో, బామైస్టర్ 2011లో చూపించారు. తీరే పని విషయంలో కాగితం చేసే మేలు ఇది. తీరని పని విషయంలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని అంచనా కట్టారు. 21 రోజుల్లో అలవాటవుతుందన్న ప్రచారానికి మూలం ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960 నాటి పుస్తకం. మారిన ముఖానికి అలవాటుపడటానికి తన రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు, ఆ కనీసం అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడిపోదని కూడా లాలీ బృందం తేల్చింది. ఒక్క రోజుకే లెక్కను సున్నాకు దించే యాప్ కంటే ఉల్లంఘించిన ఇల్లాలిని మళ్లీ పీట మీద కూర్చోబెట్టిన నోము కథ ఈ శాస్త్రానికి దగ్గరగా ఉంది.

ప్రచారంలో ఉన్న పుస్తకాలను జాగ్రత్తగా చదివితే పోటీ పైపైనే కనిపిస్తుంది. స్టీఫెన్ కవీ 1989 నాటి పుస్తకం పేరులోనే ఏడు అలవాట్లు ఉన్నాయి. లోపల మాత్రం పనులను ముఖ్యం, తొందర అన్న కొలతలతో నాలుగు గళ్లలో వేసి వారం ప్రణాళిక రాయించే అధ్యాయం ఉంది. అలెన్ పుస్తకం పూర్తిగా జాబితాల శాస్త్రం. కానీ వారానికోసారి జాబితాలన్నీ తిరగేయకపోతే మొత్తం కట్టడం కూలుతుందని ఆయనే హెచ్చరిస్తాడు. ఆ వారపు తిరగేత ఒక అలవాటు, కరణం భాషలో చెప్పాలంటే జమాబందీ. జేమ్స్ క్లియర్ 2018లో అలవాట్ల గురించి రాసిన పుస్తకంలో ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తానో వాక్యంగా రాసుకోమంటాడు. ఒక పక్షం ఇల్లు రెండో పక్షం పునాది మీదే లేచింది. జాబితా పద్ధతిని వదిలేసినవారిలో చాలామందికి జాబితా రాయడం చేతకాక కాదు, మూడో వారం నుంచి దాన్ని తెరవడం మానేసినందువల్ల విఫలమైందన్నది ఇక్కడి నుంచే అర్థమవుతుంది.

ఈ వాదనకు రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది: కాలం తమ చేతిలో ఉన్నవారికే ఇదంతా, ఇంటి చాకిరీలో మునిగినవారికి తీరే పని, తీరని పని అన్న విభజనే ఒక విలాసం. నిజం కొంత ఉంది. ఫ్రాంక్లిన్ 24 గంటల పట్టికలో వంట లేదు, పిల్లల పెంపకం లేదు. భార్య డెబొరా కాగితాలు మడిచి కుట్టడం, దుకాణం చూసుకోవడం, కాగితం తయారీకి పాతగుడ్డలు కొనడం చేసేదని ఆత్మకథలో ఆయనే రాశాడు, కానీ ఆమె రోజుకు పట్టిక ఎవరూ గీయలేదు. అయితే ఈ అభ్యంతరం విభజనను కొట్టేయదు, ఇంకా అవసరం చేస్తుంది. ఇంటిపని దాదాపు అంతా తీరని పని. అది ఖాతాలో పద్దుగా పడదు గనుకే లెక్కకు రాదు, లెక్కకు రాదు గనుకే ఎవరూ పంచుకోరు. ఎవరి రోజు ఎలా నిండుతోందో తెలియాలంటే తీరని పనులకు పేరు పెట్టడం నుంచే మొదలవ్వాలి.

రెండో అభ్యంతరం: దేన్నయినా అంకెగా మార్చి లెక్కిస్తే పోలేదా, ఇన్ని తేడాలెందుకు? దీనికి ఖద్దరు చరిత్ర సమాధానం. రోజూ రాట్నం వడకడం గాంధీకి నోము. లండన్ చదువు రోజుల నుంచీ పైసా పైసాకు లెక్క రాసుకోవడం ఆయన చిట్టా. దేని చోట అది ఉన్నంతకాలం ఆయనకు ఇబ్బంది కలగలేదు. 1924 డిసెంబరులో బెల్గాం కాంగ్రెసు నోమును చందాగా మార్చింది: సభ్యత్వం కావాలంటే ఏడాదికి 24,000 గజాల నూలు ఇవ్వాలి. వడకడం ఇష్టంలేనివారు ఇంకొకరు వడికిన నూలైనా తెచ్చి ఇవ్వొచ్చన్న సడలింపు అందులోనే ఉంది. నూలు లెక్క చేరింది, వడికే చేయి అక్కర్లేకపోయింది. మరుసటి ఏడాదే నియమాన్ని సడలించి నాలుగణాల చందాకు మళ్లీ చోటిచ్చారు. తీరని పనిని తీరే బాకీగా రాస్తే జనం దాన్ని వీలైనంత చవకగా తీర్చేసుకుంటారు. రోజుకు 10,000 అడుగులు నడవాలన్న లెక్క కోసం మంచం చుట్టూ తిరిగేవారు చేస్తున్నదీ అదే.

రెండు పద్ధతులూ ఒకదాన్నొకటి తోసుకోకుండా ఉన్న చోటు కోసం దూరం పోనక్కర్లేదు. చాలా తెలుగిళ్లలో వంటగది గోడకో హాలులోనో తిథులు, నక్షత్రాలు, వర్జ్యాలు అచ్చేసిన క్యాలెండరు వేలాడుతుంది. ఏకాదశి ఎప్పుడు, సంకటహర చతుర్థి ఎప్పుడు, ప్రయాణానికి మంచి ఘడియ ఎప్పుడని ఇంట్లో ఎవరో ఒకరి కన్ను అటు పోతూనే ఉంటుంది. అదే గడిలో తిథి పక్కన పెన్నుతో రాసిన పద్దులు ఉంటాయి: గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలవాడు రాని పూట, చీటీ డబ్బు కట్టాల్సిన రోజు. క్యాలెండరు చూడాలని ఎవరూ ప్రత్యేకంగా సంకల్పం చెప్పుకోరు, ఆ పద్దులను గుర్తుచేసే గంటా మోగదు. తిథి చూసుకునే కన్నే దారిలో పాల లెక్క చూసి వస్తుంది.